ఎర్ర దీపం చెప్పేది సగమే: పాత స్పోర్ట్స్ కారులో ఛార్జింగ్ లోపాన్ని పట్టుకోవడం ఎలా?

జంషెడ్‌పూర్ నుంచి ఖర్కాయ్ నది వంతెన దాటితే ఆదిత్యపూర్. జార్ఖండ్‌లోని ఈ పట్టణానికి పేరు తెచ్చింది ఇక్కడి పారిశ్రామికవాడ. జంషెడ్‌పూర్‌లో ఉన్న టాటా మోటార్స్ ట్రక్కుల కర్మాగారానికి కావలసిన విడిభాగాలను తయారుచేసే చిన్న, మధ్యతరహా యూనిట్లు ఇక్కడ వందల్లో ఉన్నాయి. ఇలాంటి చోట ఒక షాఫ్టు పనికొస్తుందో లేదో కంటితో చూసి తేల్చరు. మైక్రోమీటరు పెట్టి కొలుస్తారు. కొలతకు నిలిచింది ముందుకు పోతుంది, నిలవనిది పక్కకు పోతుంది.

కానీ ఏ ఊళ్లోనైనా, పాత కారు ఒకటి పొద్దున్నే స్టార్ట్ కాలేదంటే కొలత సంగతి చాలామందికి గుర్తుకు రాదు. ‘బ్యాటరీ పోయినట్టుంది’ అని ఒకరంటారు. కొత్త బ్యాటరీ వేస్తారు. రెండు వారాలకు అదీ దిగిపోతుంది. ‘అయితే డైనమోనే’ అని మరొకరంటారు. దాన్ని విప్పి వైండింగ్‌కు పంపుతారు. ఆ తర్వాత రెగ్యులేటర్ వంతు వస్తుంది. ఒక్కో భాగం మారుతున్న కొద్దీ డబ్బు పోతుంది. పాత కారు విషయంలో డబ్బుకన్నా పెద్ద నష్టం ఇంకొకటి ఉంది. అరవై ఏళ్ల కిందటి అసలు భాగం బాగానే ఉండి కూడా తుక్కులోకి చేరుతుంది. అలాంటిది మళ్లీ దొరకడం కష్టం.

నిజానికి ఛార్జింగ్ లోపాన్ని పట్టుకోవడానికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. ఒక మల్టీమీటరు, పాఠశాలలో చదువుకున్న ఓం నియమం చాలు. కాకపోతే ఆ మీటరును ఎప్పుడు, ఎక్కడ పెట్టాలో తెలియాలి. దీన్ని ఒక ఊహా ఉదాహరణతో చూద్దాం.

షెడ్డులోకి వచ్చిన ఎంజీబీ

ఆదిత్యపూర్‌లోని ఒక షెడ్డుకు 1965 నాటి ఎంజీబీ కారు వచ్చిందనుకుందాం. రెండు సీట్లు, తెరుచుకునే టాపు ఉన్న ఈ బ్రిటిష్ స్పోర్ట్స్ కారు 1962లో మార్కెట్లోకి వచ్చింది. 1980 వరకు ఇంగ్లండ్‌లోని ఆబింగ్‌డన్‌లో తయారైంది. మన దేశంలో ఇలాంటి కార్లు అరుదే. అయినా దీని బానెట్ ఎత్తితే మన పాత మెకానిక్‌లకు కొత్తగా ఏమీ అనిపించదు. కారణం, మన అంబాసిడర్ కారులో చాలాకాలం వాడిన 1489 సీసీ ఇంజిన్, ఎంజీబీలోని 1798 సీసీ ఇంజిన్ ఒకే కుటుంబానికి చెందినవి. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి బి–సిరీస్ ఇంజిన్లే. డైనమో, కంట్రోల్ బాక్సు లూకస్ పద్ధతివి. మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ తెలిసినవారికి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్ కూడా ఇలాగే పరిచయమైన కారులా కనిపిస్తుంది. హెరాల్డ్ ఛాసిస్‌ను కుదించి చేసిన స్పోర్ట్స్ కారు అది.

మన ఉదాహరణలోని కారు యజమాని చెప్పే ఫిర్యాదు ఇది. వారాంతంలో దూరం వెళ్లినప్పుడు ఇబ్బంది లేదు. రోజూ ఆదిత్యపూర్ నుంచి బిష్టుపూర్ దాకా వెళ్లి వస్తే మాత్రం పది పదిహేను రోజులకు బ్యాటరీ దిగిపోతోంది. సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరగడం లేదు. బ్యాటరీలు ఇటీవలే మార్చారు. డ్యాష్‌బోర్డుపై ఛార్జింగ్ హెచ్చరిక దీపం తాళం తిప్పగానే ఎర్రగా వెలుగుతుంది, ఇంజిన్ వేగం అందుకోగానే ఆరిపోతుంది. ‘దీపం ఆరుతోంది కాబట్టి డైనమో ఛార్జింగ్ ఇస్తోంది. అయినా బ్యాటరీ నిండడం లేదు. ఎందుకు?’

ఇది మంచి ప్రశ్న. దీనికి జవాబు చెప్పాలంటే ముందు ఛార్జింగ్ వ్యవస్థ ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలి.

ఇనుములో మిగిలిన జ్ఞాపకం

తీగచుట్టకు, అయస్కాంతానికి మధ్య కదలిక ఉంటే తీగలో వోల్టేజ్ పుడుతుందని మైకేల్ ఫారడే 1831లో చూపించాడు. డైనమో చేసే పని అదే. ఇంజిన్ ఫ్యాన్ బెల్టు ద్వారా ఆర్మేచర్‌ను తిప్పుతుంది. రాగి తీగ చుట్టిన ఆర్మేచర్ అయస్కాంత క్షేత్రంలో తిరిగినప్పుడు అందులో పుట్టే వోల్టేజ్ దిశ మారుతూ ఉంటుంది. కమ్యుటేటర్, కార్బన్ బ్రష్‌లు కలిసి దాన్ని ఒకే దిశలో బయటకు పంపుతాయి.

మరి ఆ అయస్కాంత క్షేత్రం ఎక్కడిది? డైనమోలో శాశ్వత అయస్కాంతం ఉండదు. ఉక్కు ధ్రువాల చుట్టూ చుట్టిన ఫీల్డ్ తీగచుట్టలో కరెంటు పారితే క్షేత్రం పుడుతుంది. ఆ కరెంటు ఇవ్వాల్సిందీ డైనమోనే. చెట్టు ముందా, విత్తు ముందా అన్నట్టుండే ఈ చిక్కుకు జవాబు ఉక్కులోనే ఉంది. ఒకసారి అయస్కాంతీకరించిన ఉక్కు కరెంటు ఆగినా ఆ గుణాన్ని పూర్తిగా వదులుకోదు. కొంచెం మిగుల్చుకుంటుంది. దీన్ని అవశేష అయస్కాంతత్వం అంటారు. ఆర్మేచర్ తిరగగానే ఈ కొద్దిపాటి క్షేత్రం ఒక వోల్టుకు అటూఇటుగా పుట్టిస్తుంది. దానివల్ల ఫీల్డ్‌లో కొంచెం కరెంటు పారుతుంది. క్షేత్రం బలపడుతుంది. వోల్టేజ్ పెరుగుతుంది. ఇలా క్షణాల్లో డైనమో తనను తాను నిలబెట్టుకుంటుంది. ఈ స్వయం ఉత్తేజన సూత్రాన్ని 1866–67 ప్రాంతంలో సీమెన్స్, వీట్‌స్టన్, వార్లీ ఎవరికివారు కనుగొన్నారు.

జంషెడ్‌పూర్ చుట్టుపక్కల వారికి ఈ యంత్రంలోని పదార్థాలు పరాయివి కావు. ఉక్కు ఈ ఊరి పేరుతోనే ముడిపడి ఉంది. అదే సింగ్‌భూమ్ ప్రాంతంలోని ఘాట్‌శిల రాగి గనులకు ప్రసిద్ధి. డైనమో అంటే ఒక విధంగా ఈ రెండు లోహాల జోడీయే.

కంట్రోల్ బాక్సు చేసే మూడు పనులు

ఇంజిన్ వేగం పెరిగితే డైనమో వోల్టేజ్ కూడా పెరుగుతుంది. దాన్ని అదుపు చేయకపోతే బల్బులు మాడిపోతాయి, బ్యాటరీ ఉడికిపోతుంది. అందుకే కంట్రోల్ బాక్సు ఉంటుంది. ఎంజీబీలోని లూకస్ బాక్సులో మూడు చిన్న విద్యుదయస్కాంతాలు ఉంటాయి.

మొదటిది వోల్టేజ్ రెగ్యులేటర్. వోల్టేజ్ 14–15 వోల్టుల దగ్గరకు రాగానే దాని కాంటాక్టులు విడిపోయి ఫీల్డ్ కరెంటును తగ్గిస్తాయి. వోల్టేజ్ పడగానే మళ్లీ కలుస్తాయి. ఇది సెకనుకు ఎన్నోసార్లు జరుగుతుంది. రెండోది కరెంటు రెగ్యులేటర్. డైనమో తన శక్తికి మించి, అంటే సుమారు 22 ఆంపియర్లకు మించి ఇవ్వకుండా చూస్తుంది. మూడోది కటౌట్. డైనమో వోల్టేజ్ సుమారు 13 వోల్టులు దాటాకే ఇది బ్యాటరీతో కలుపుతుంది. ఇంజిన్ ఆగినప్పుడు విడదీస్తుంది. లేకపోతే బ్యాటరీ కరెంటు వెనక్కి పారి డైనమోను మోటారులా తిప్పడానికి ప్రయత్నిస్తుంది. బ్యాటరీ ఖాళీ అవుతుంది, తీగలు కాలిపోయే ప్రమాదమూ ఉంటుంది.

ఎర్ర దీపం నిజంగా ఏం చెబుతుంది?

చాలామంది ఈ దీపాన్ని ‘ఛార్జింగ్ అవుతోందా, లేదా’ చెప్పే సాధనం అనుకుంటారు. కానీ దాని తీగలు ఎక్కడికి పోతాయో చూస్తే సంగతి తెలుస్తుంది. దీపం ఒక చివర ఇగ్నిషన్ స్విచ్‌కు, మరో చివర డైనమోకు కలిసి ఉంటుంది. రెండు చివరల మధ్య వోల్టేజ్ తేడా ఉంటే వెలుగుతుంది. తేడా లేకపోతే ఆరిపోతుంది. అంతే.

ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఇగ్నిషన్ వైపు 12 వోల్టులు, డైనమో వైపు సున్నా. కాబట్టి దీపం వెలుగుతుంది. డైనమో పనిచేసి కటౌట్ కలిసినప్పుడు రెండు వైపులా ఒకే వోల్టేజ్. కాబట్టి ఆరిపోతుంది. ఇంజిన్ పరుగెత్తుతున్నప్పుడు కూడా దీపం మసకగా వెలుగుతుంటే కటౌట్ కాంటాక్టుల దగ్గరో, ఆ దారిలోని మరో కలయిక దగ్గరో కొంత వోల్టేజ్ పోతోందని అర్థం.

ఇప్పుడు మన కారు సంగతి. ఇలాంటి పాత వైరింగ్‌లో ఇగ్నిషన్‌కు, లైట్లకు వెళ్లే తీగలు కంట్రోల్ బాక్సు దగ్గరే చీలిపోతాయి. అక్కడి నుంచి బ్యాటరీ దాకా వేరే తీగ ఉంటుంది. ఆ చివరి తీగలో లోపం ఉంటే దీపానికి తెలిసే దారే లేదు. డైనమో బాగుందని, బాక్సు దాకా కరెంటు వస్తోందని అది చెప్పగలదు. అక్కడి నుంచి బ్యాటరీకి చేరుతోందో లేదో చెప్పలేదు.

మొదట బ్యాటరీ, ఆ తర్వాతే మిగతావి

పరీక్ష ఎప్పుడూ బ్యాటరీతో మొదలుపెట్టాలి. బ్యాటరీలో సత్తా లేకపోతే మిగతా కొలతలేవీ నమ్మదగినవి కావు. ఛార్జరుతో పూర్తిగా నింపి, కొన్ని గంటలు కదపకుండా ఉంచి వోల్టేజ్ చూడాలి. నిండిన 12 వోల్టుల లెడ్–ఆసిడ్ బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. 12.2 దగ్గర ఉంటే సగమే నిండిందనుకోవచ్చు. మూతలు తీయగలిగే బ్యాటరీ అయితే హైడ్రోమీటరుతో ఒక్కో సెల్లులోని ఆమ్లం సాంద్రత చూడవచ్చు. నిండిన సెల్లులో అది 1.27 దగ్గర ఉంటుంది. ఒక సెల్లు మిగతావాటికన్నా బాగా తక్కువ చూపితే లోపం అక్కడే.

ఎంజీబీలో ఒక విశేషం ఉంది. తొలి మోడళ్లలో ఒక 12 వోల్టుల బ్యాటరీకి బదులు రెండు 6 వోల్టుల బ్యాటరీలు సీట్ల వెనక, అడుగు భాగంలో ఉంటాయి. రెండింటినీ కలిపే తీగ మరొకటి. అంటే కలయికలు ఎక్కువ. పైగా ఈ కార్లలో బాడీకి కలిసేది బ్యాటరీ పాజిటివ్. మీటరు ఎర్ర తీగను బాడీకి పెట్టాలి. ఇది గుర్తులేక తలకిందులుగా కలిపినవారు చాలామందే ఉంటారు.

తర్వాత చూడాల్సింది, కారు ఆగి ఉన్నప్పుడు కరెంటు ఎక్కడైనా కారుతోందా అన్నది. తాళం తీసేసి, బ్యాటరీకి, ఎర్త్ తీగకు మధ్య మీటరును ఆంపియర్ల రేంజిలో పెట్టాలి. ఎలక్ట్రానిక్స్ లేని 1965 నాటి కారులో ఇది దాదాపు సున్నా ఉండాలి. 0.1 ఆంపియరు కారుతుంటే రోజుకు 2.4 ఆంపియర్–గంటలు పోతాయి. పది రోజులకు 24. ఒక మోస్తరు బ్యాటరీలో ఇది సగానికి దగ్గర.

మన ఉదాహరణలో బ్యాటరీలు రెండూ బాగున్నాయి. కరెంటు కారడం లేదు.

డైనమోను ఒంటరిగా పరీక్షించడం

వ్యవస్థలో అనుమానం ఉన్నప్పుడు ఒక్కో భాగాన్ని మిగతావాటి నుంచి విడదీసి అడగాలి. ముందుగా బెల్టు బిగువు. పొడవైన వైపు మధ్యలో వేలితో నొక్కితే 12 మిల్లీమీటర్ల దాకా లోపలికి పోవచ్చు. అంతకన్నా వదులైతే జారుతుంది. మరీ బిగిస్తే బేరింగ్ పాడవుతుంది.

లూకస్ డైనమోకు రెండు టెర్మినళ్లు ఉంటాయి. పెద్దది ‘డి’, కరెంటు బయటకు వచ్చేది. చిన్నది ‘ఎఫ్’, ఫీల్డ్‌కు వెళ్లేది. రెండింటి తీగలూ విప్పి, ఆ రెండు టెర్మినళ్లను ఒక చిన్న తీగతో కలపాలి. మీటరును ఆ తీగకు, డైనమో బాడీకి మధ్య పెట్టి ఇంజిన్‌ను నెమ్మదిగా నడపాలి. రెగ్యులేటర్ అడ్డు లేదు కాబట్టి వోల్టేజ్ వేగంగా, తడబాటు లేకుండా పెరగాలి. 20 వోల్టులు దాటనివ్వకూడదు. ఇంజిన్‌ను రేస్ చేయకూడదు.

ఇక్కడ మీటరు చెప్పే అంకెలకు అర్థం ఉంది. ఏమీ చూపకపోతే ముందు బ్రష్‌లు చూడాలి. అర వోల్టు, ఒక వోల్టు దగ్గరే ఆగిపోతే అవశేష అయస్కాంతత్వం మాత్రమే పనిచేస్తోందని, ఫీల్డ్ తీగచుట్టలో కరెంటు పారడం లేదని అర్థం. ఉండాల్సినదాంట్లో సగం దగ్గర ఆగితే ఆర్మేచర్ వైండింగ్‌ను అనుమానించాలి. ఫీల్డ్ తీగచుట్ట నిరోధం కొలిస్తే సుమారు 6 ఓంలు రావాలి.

చాలాకాలం మూలనపడి ఉన్న డైనమోలో అవశేష అయస్కాంతత్వం పోయి ఉండవచ్చు. అప్పుడు ‘ఎఫ్’ టెర్మినల్ తీగ విప్పి, బ్యాటరీ లైవ్ చివర నుంచి ఒక తీగను ఆ టెర్మినల్‌కు క్షణం పాటు తాకిస్తే ఉక్కుకు మళ్లీ గుర్తొస్తుంది. ఈ పద్ధతి ఈ రకం డైనమోలకే. అల్టర్నేటర్‌పై చేయకూడదు.

మన కారు డైనమో ఈ పరీక్షలో నెగ్గింది. తీగలు మళ్లీ కలిపి ఇంజిన్‌ను వేగంగా నడిపితే, కంట్రోల్ బాక్సు నుంచి బ్యాటరీకి తీగ బయల్దేరే టెర్మినల్ దగ్గర 14.4 వోల్టులు. కాబట్టి రెగ్యులేటర్ కూడా బాగుంది. అదే సమయంలో బ్యాటరీ స్తంభాల మధ్య కొలిస్తే 13.2 మాత్రమే. మధ్యలో 1.2 వోల్టులు ఎక్కడికో పోయాయి.

కరెంటు పారనప్పుడు మీటరు దాచే నిజం

ఈ కొలత చూశాక చాలామంది చేసే పని, ఇంజిన్ ఆపి తీగ రెండు చివరల దగ్గరా వోల్టేజ్ చూడటం. బ్యాటరీ దగ్గర 12.5, బాక్సు దగ్గరా 12.5. ‘తీగ బాగానే ఉంది’ అనుకుని వదిలేస్తారు. పొరపాటు జరిగేది ఇక్కడే.

తీగలో పోయే వోల్టేజ్ అంటే కరెంటును నిరోధంతో గుణిస్తే వచ్చేది. కరెంటు సున్నా అయితే నిరోధం ఎంతున్నా నష్టం సున్నాయే. మామూలు డిజిటల్ మీటరు లోపలి నిరోధం 1 కోటి ఓంల దాకా ఉంటుంది. అది లాగే కరెంటు ఆంపియరులో పది లక్షల వంతు స్థాయిలో ఉంటుంది. అందుకే తుప్పు వల్ల తీగలో 10,000 ఓంల నిరోధం అడ్డుపడినా మీటరు 12.5 బదులు 12.49 చూపుతుంది. ఆ తీగతో ఒక చిన్న బల్బు కూడా వెలగదు. అయినా మీటరు ‘బాగుంది’ అంటుంది. మీటరు అబద్ధం చెప్పలేదు. దాన్ని అడగాల్సిన సమయంలో అడగలేదు.

ఇరుకైన కాలువలో నీరు నిలిచి ఉన్నంతసేపు రెండు చివరలా మట్టం ఒకటే. అడ్డు ఎక్కడుందో తెలియాలంటే నీరు పారాలి. తీగ సంగతీ అంతే.

కాబట్టి పద్ధతి ఇది. ఇంజిన్ ఆపి హెడ్‌లైట్లు వేయాలి. బ్యాటరీ నుంచి బాక్సు మీదుగా లైట్లకు సుమారు 8 ఆంపియర్లు పారతాయి. ఇప్పుడు మీటరు ఒక కొసను బ్యాటరీ లైవ్ స్తంభంపై, రెండో కొసను బాక్సు టెర్మినల్‌పై పెట్టాలి. అంటే బ్యాటరీ వోల్టేజ్‌ను కాకుండా, తీగలో పోయే వోల్టేజ్‌ను నేరుగా కొలుస్తున్నాం. బాగున్న తీగలో ఇది 0.2 వోల్టుల దగ్గర ఉంటుంది. మన కారులో 1.6 వచ్చింది. 1.6ను 8తో భాగిస్తే 0.2 ఓం. ఇంజిన్ నడుస్తున్నప్పుడు పోయిన 1.2 వోల్టులను ఈ 0.2తో భాగిస్తే 6 ఆంపియర్లు. 22 ఆంపియర్లు ఇవ్వగల డైనమో ఉండి కూడా, దిగిపోయిన బ్యాటరీకి చేరేది అంతే. దూర ప్రయాణంలో గంటల తరబడి నడిస్తే ఆ 6 ఆంపియర్లే నెమ్మదిగా బ్యాటరీని నింపుతాయి. బిష్టుపూర్ దాకా వెళ్లి వచ్చే కొద్ది నిమిషాల్లో అందుకు తగినంత సమయం దొరకదు. యజమాని ఫిర్యాదుకు లెక్క కుదిరింది.

సగం సగం చేస్తూ వెళ్లడం

ఇక లోపం ఉన్న చోటు పట్టుకోవాలి. దారిని రెండుగా విడగొట్టి కొలవడం తేలిక మార్గం. లైట్లు వెలుగుతుండగానే బ్యాటరీ స్తంభం నుంచి స్టార్టర్ సోలినాయిడ్ దాకా కొలిస్తే 0.1 వోల్టు. సోలినాయిడ్ నుంచి బాక్సు దాకా 1.5. కాబట్టి మొదటి సగం నిర్దోషి. రెండో సగంలో సోలినాయిడ్ బోల్టుకు, దానిపై కూర్చున్న లగ్గుకు మధ్య దాదాపు ఏమీ లేదు. లగ్గుకు, అందులోకి దూరిన రాగి తీగకు మధ్య 1.4.

బయటికి ఆ లగ్గు శుభ్రంగానే ఉంది. లోపల, నొక్కి బిగించిన చోట రాగి పోగులు నల్లబడి, కొన్ని తెగి ఉన్నాయి. హెడ్‌లైట్లు వేసి కాసేపు ఉంచితే అక్కడ వేడి తగులుతుంది. 8 ఆంపియర్ల దగ్గర ఆ తీగలో సుమారు 13 వాట్లు వేడిగా మారుతున్నాయి. డ్యాష్‌బోర్డు దీపాలు ఐదారు వెలిగించేంత. పాత ఇన్సులేషన్ పక్కన అంత వేడి మంచిది కాదు.

మందు చిన్నదే. మెరిసే రాగి కనిపించే దాకా తీగ కోసి, సరైన కొలత లగ్గు గట్టిగా నొక్కి, బోల్టు బిగిస్తే మొత్తం నష్టం 1.6 నుంచి 0.2కు దిగుతుంది. కొత్త బ్యాటరీ, కొత్త డైనమో, కొత్త రెగ్యులేటర్, ఏవీ అక్కర్లేదు.

ఒకే ఫిర్యాదు, రెండు జబ్బులు

ఇదే కారులో లోపం మరో చోట ఉంటే లక్షణాలు మరోలా ఉండేవి. బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కు వెళ్లే లావు కేబుల్ కొసన 0.01 ఓం నిరోధం ఉందనుకుందాం. ఛార్జింగ్ అప్పుడు 10 ఆంపియర్ల దగ్గర పోయేది 0.1 వోల్టే. బ్యాటరీ చక్కగా నిండుతుంది. కానీ సెల్ఫ్ 150 ఆంపియర్లు లాగినప్పుడు 1.5 వోల్టులు పోతాయి. ఇంజిన్ బరువుగా తిరుగుతుంది. చూసేవారు ‘బ్యాటరీ డౌన్, ఛార్జింగ్ లేదు’ అంటారు.

మన కారులోని 0.2 ఓం అంతకు ఇరవై రెట్లు పెద్దది. అయినా సెల్ఫ్ కరెంటు ఆ సన్న తీగ గుండా పోదు కాబట్టి, బ్యాటరీ నిండి ఉన్న రోజున ఇంజిన్ చక్కగానే స్టార్ట్ అవుతుంది. ఏ దారిలో ఎంత కరెంటు పారుతుందో తెలిస్తేనే ఏ నిరోధం ఎప్పుడు బాధిస్తుందో తెలుస్తుంది. సెల్ఫ్ దారిని సెల్ఫ్ కొడుతూ కొలవాలి. ఛార్జింగ్ దారిని ఛార్జింగ్ అవుతుండగానో, లైట్లు వేసో కొలవాలి.

కలయికలే ఎందుకు పాడవుతాయి?

రాగి తీగ మధ్యలో అంత తేలిగ్గా చెడిపోదు. చెడేది ఎక్కువగా కలయికల దగ్గరే. అక్కడ రాగి, ఇత్తడి, సీసం, ఉక్కు వంటి వేర్వేరు లోహాలు తాకుతుంటాయి. వాటి మధ్య తేమ చేరితే చిన్న గాల్వానిక్ సెల్లు ఏర్పడి ఒక లోహం తినేయబడుతుంది. బ్యాటరీ దగ్గర ఆమ్లపు ఆవిరి దీనికి తోడవుతుంది. వేడికి వ్యాకోచించి, చల్లబడి సంకోచించే కలయిక క్రమంగా వదులవుతుంది. వదులైన చోట నిరోధం పెరుగుతుంది, నిరోధం పెరిగిన చోట వేడి పెరుగుతుంది. మండే వేసవి, వెంటనే గట్టి వానాకాలం ఉండే మన వాతావరణంలో ఈ చక్రం త్వరగా తిరుగుతుంది.

వేసవికి సంబంధించి మరో సంగతి. వేడెక్కిన బ్యాటరీకి తక్కువ ఛార్జింగ్ వోల్టేజ్ చాలు. అందుకే లూకస్ రెగ్యులేటర్‌లో ద్విలోహపు పట్టీ ఉండి, వేడి పెరిగితే వోల్టేజ్‌ను కొంచెం దించుతుంది. మే నెల మధ్యాహ్నం మీటరు కాస్త తక్కువ చూపిందని రెగ్యులేటర్ మరను తిప్పడం తొందరపాటు.

అల్టర్నేటర్ ఉన్న కారైతే

1967 చివరి నుంచి ఎంజీబీకి డైనమో స్థానంలో అల్టర్నేటర్ వచ్చింది. ఎర్త్ కూడా నెగటివ్‌కు మారింది. అల్టర్నేటర్‌లో అయస్కాంత క్షేత్రమే తిరుగుతుంది. కరెంటు నిలకడగా ఉన్న తీగచుట్టల్లో పుడుతుంది. దాన్ని సిలికాన్ డయోడ్లు ఒకే దిశకు మారుస్తాయి. డయోడ్ వెనక్కి పారనివ్వదు కాబట్టి కటౌట్ అక్కర్లేదు. తక్కువ వేగంలోనూ కరెంటు వస్తుంది.

ఇక్కడ ఎర్ర దీపానికి మరో పని ఉంది. మొదట్లో క్షేత్రాన్ని నిలబెట్టే కొద్దిపాటి కరెంటు ఆ బల్బు గుండానే వస్తుంది. బల్బు మాడిపోతే అల్టర్నేటర్ బాగున్నా ఛార్జింగ్ మొదలు కాకపోవచ్చు. తాళం తిప్పినప్పుడు దీపం వెలగకపోవడం కూడా లోపమే. డయోడ్ పాడైతే సగటు వోల్టేజ్ కొంచెమే తగ్గవచ్చు. కానీ మీటరును ఏసీ రేంజిలో పెడితే అలజడి ఎక్కువగా కనిపిస్తుంది. వోల్టేజ్ నష్టం పరీక్ష మాత్రం డైనమోకైనా అల్టర్నేటర్‌కైనా ఒకటే.

జాగ్రత్తలు

ఛార్జింగ్ అవుతున్న బ్యాటరీ నుంచి, ముఖ్యంగా అతిగా ఛార్జ్ అవుతున్నప్పుడు, హైడ్రోజన్ వెలువడుతుంది. గాలిలో 4 శాతం చేరినా నిప్పురవ్వకు పేలగలదు. సీట్ల వెనక మూసి ఉన్న అరలో బ్యాటరీ ఉన్న కారులో ఇది మరీ ముఖ్యం. మూత తెరిచి గాలి ఆడనివ్వాలి. పని మొదలుపెట్టే ముందు ఉంగరాలు, లోహపు గడియారం తీసేయాలి. బ్యాటరీ విప్పేటప్పుడు ఎర్త్ తీగ ముందు తీయాలి, బిగించేటప్పుడు చివర బిగించాలి. ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ తీగ పీకి ‘డైనమో పరీక్ష’ చేసే అలవాటు మానుకోవాలి. అల్టర్నేటర్ ఉన్న కారులో ఆ ఒక్క పనితో డయోడ్లు పోవచ్చు. మీటరును ఆంపియర్ల రేంజిలో ఉంచి సెల్ఫ్ కొట్టకూడదు. తిరిగే ఫ్యాన్, బెల్టుల దగ్గర వదులు దుస్తులు, మీటరు తీగలు వేలాడకూడదు.

పాత కారును కాపాడుకోవడమంటే కొత్త భాగాలు తెచ్చి బిగించడం కాదు. దానిలో ఏది ఇంకా బాగుందో తెలుసుకోవడం కూడా. మన ఉదాహరణలో ఎర్ర దీపం తన పని తాను సరిగ్గానే చేసింది. బాక్సు దాకా అంతా క్షేమమని చెప్పింది. మిగతా సగం చెప్పడానికి లైట్లు వేసి, మీటరును తీగ రెండు కొసలకు పెట్టడమే కావలసి వచ్చింది. కొలతకు నిలవనిది ఒక లగ్గు. తుక్కులోకి పోవాల్సిందీ అదొక్కటే.